మంచుగడ్డ పైపొర

వేసవిలో ఇంటికి వచ్చిన అతిథికి నిమ్మరసము ఇయ్యవలెనని ఒక గిన్నెలో మంచుముక్కలు తీసి పెట్టుకొందుము. నిమ్మకాయలు పిండి, పంచదార కరగించి వచ్చునప్పటికి ఆ ముక్కలు ఒకదానికొకటి అతుకుకొని ముద్దగా నుండును. చెంచాతో కొట్టినగాని విడివడవు. ఆ ముక్కలు కరగుచున్నవి. వాని పైనుండి నీరు కారుచున్నది. కరగుచున్న వస్తువులు ఒకదానినుండి యొకటి జారిపోవలెను గాని అతుకుకొనుట యేమి?

ఇది పిల్లలడుగు ప్రశ్నవలె కన్పట్టును. కాని దీనిని పట్టుకొని పోయినచో భౌతికశాస్త్రములో నూటయేబది సంవత్సరములకు పైగా నడచిన ఒక వివాదమును చేరుకొందుము. మంచుపై కాలేల జారును, ఆకాశమునుండి రాలెడు హిమస్ఫటికములకు అన్ని ఆకృతులేల, శీతలదేశములలో రోడ్లేల ఉబ్బి పగులును అను ప్రశ్నలన్నింటికిని అందులో సంబంధమున్నది. అంతేకాదు, మన తరగతులలో తరతరములుగా చెప్పుచు వచ్చిన ఒక సమాధానమును సరిచూచుకొనవలసిన అవసరము కూడ ఏర్పడును.

ఈ వ్యాసములోని డిగ్రీలన్నియు సెంటిగ్రేడు డిగ్రీలే. సున్నకు దిగువనున్న ఉష్ణోగ్రతలను −5, −10 అని వ్రాసెదము.

పీడన సిద్ధాంతము

నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచించును. అందువలననే మంచు నీటిపై తేలును. 1849లో జేమ్స్ థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈ విషయమునుండి ఒక ఫలితమును రాబట్టెను. మంచును గట్టిగా నొక్కినచో అది తక్కువ స్థలము నాక్రమించు రూపమునకు, అనగా నీటి రూపమునకు మారుటకు మొగ్గు చూపవలెను. కావున పీడనము హెచ్చినకొలది మంచు ద్రవీభవన స్థానము తగ్గవలెను. మరుసటి సంవత్సరమే ఆయన సోదరుడు విలియం థామ్సన్, అనగా తరువాత లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త, దీనిని ప్రయోగముతో నిరూపించెను. ఒక వాతావరణ పీడనము అధికమైనప్పుడు ద్రవీభవన స్థానము సుమారు 0.0075 డిగ్రీ తగ్గును. ఇది యథార్థము, ఇందులో సందేహము లేదు.

ఈ సత్యముపై ఆధారపడి 1886లో జాన్ జోలీ స్కేటింగునకు కారణము చెప్పెను. స్కేటింగు చేయువాని బూటు క్రింద సన్నని ఉక్కు పట్టీ యుండును. మనిషి బరువంతయు ఆ సన్నని పట్టీపై పడుటచే పీడనము మిక్కుటమై, దాని క్రింది మంచు కరగును. ఆ నీటిపై పట్టీ జారును. ఎంత చక్కని వివరణ! అందువలననే అది పాఠ్యపుస్తకములలో స్థిరపడిపోయినది. కాని లెక్క వేసి చూతము.

మనిషి బరువు 60 కిలోగ్రాములనుకొందము. ఉక్కు పట్టీ 3 మిల్లీమీటర్ల వెడల్పున, 10 సెంటిమీటర్ల పొడవున మంచుకు ఆనినదనుకొన్నచో వైశాల్యము 3 చదరపు సెంటిమీటర్లు. పీడనము చదరపు సెంటిమీటరునకు 20 కిలోగ్రాములు, అనగా రమారమి 20 వాతావరణములు. ద్రవీభవన స్థానములో తగ్గుదల 20 × 0.0075, అనగా 0.15 డిగ్రీ. పట్టీ అంచు మాత్రమే ఆనినదని, వైశాల్యము అందులో పదియవ వంతేయని ఒప్పుకొన్నను తగ్గుదల 1.5 డిగ్రీలు మాత్రమే. కాని −10 డిగ్రీల మంచుపై జనులు హాయిగా స్కేటింగు చేయుదురు.

మరి మామూలు బూట్లు తొడిగినవాని సంగతి? ఒక కాలి అడుగుభాగము 150 చదరపు సెంటిమీటర్లనుకొన్నచో పీడనము అర్ధ వాతావరణమైనను కాదు. ద్రవీభవన స్థానములో తగ్గుదల డిగ్రీలో వేయింట మూడు పాళ్లు. అయినను మంచుపై జారిపడువాడు ఎక్కువగా మామూలు బూట్లవాడే!

మరియొక సంగతి. పీడనముతో మంచు ద్రవీభవన స్థానమును ఎంతవరకైనను తగ్గించుకొని పోవుటకు వీలు లేదు. సుమారు 2,000 వాతావరణముల వద్ద అది −22 డిగ్రీలకు చేరును. అంతకుమించి నొక్కినచో మంచు నీరు కాదు. అణువుల అమరిక మారి వేరొక రకపు మంచగును. కాని −30 డిగ్రీలలో సైతము, ఎంత కష్టముగానైనను, మంచుపై బండ్లు జారుచునే యున్నవి. కావున పీడన సిద్ధాంతము సత్యమే, కాని ఇక్కడ దానికి పని లేదు.

ఫారడే ఊహ

ఇప్పుడు గిన్నెలోని మంచుముక్కలకు మరలుదము. చదువరి ఒక ఆక్షేపణ చేయవచ్చును. ఫ్రిజ్‌నుండి అప్పుడే తీసిన ముక్కలు లోపల −15 లేక −18 డిగ్రీలలో నుండును. ఆ చల్లదనమే పైతడిని గడ్డకట్టించి వానిని అతికించినదనవచ్చును. గిన్నెలోని ముక్కల విషయములో ఇది చాలవరకు నిజమే. కాని లోపల, వెలుపల 0 డిగ్రీలలోనే యున్న మంచు సైతము అతుకుకొనును. దీనిని గమనించినవాడు మైకేల్ ఫారడే.

1850 జూన్ 7వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఫారడే ఈ విషయమునుగూర్చి ఉపన్యసించెను. కరగుచున్న రెండు మంచుముక్కలను ఒకదానికొకటి తాకించినచో అవి అతుకుకొనును. ఆయన చెప్పిన కారణమిది: మంచు ఉపరితలముపై సన్నని నీటిపొర యొకటి సహజముగా నుండును. ఒకవైపు మాత్రమే మంచు ఉన్నంతవరకు ఆ నీరు ద్రవముగా నుండగలదు. రెండువైపుల మంచు చేరి మధ్య చిక్కుకొన్నప్పుడు అది గడ్డకట్టును. అప్పుడు రెండు ముక్కలు ఒకటి యగును.

థామ్సన్ సోదరులు దీనికి ఒప్పుకొనలేదు. ముక్కలు తాకినచోట కొంత పీడనముండును, అందుచే అచట మంచు కరగి, పీడనము తొలగగనే మరల గడ్డకట్టునని వారి వాదము. దీనికే పునర్ఘనీభవనమని పేరు. 1860లో ఫారడే మరల ప్రయోగములు చేసి, 0 డిగ్రీల నీటిలో మునిగియున్న ముక్కలు మెల్లగా తాకినంతమాత్రముననే అతుకుకొనుటను చూపెను. అయినను నెగ్గినది పీడన వాదమే. ఏలయన దానికి లెక్కలున్నవి. ఫారడే పొరను కంటితో చూచుటకు గాని, కొలుచుటకు గాని ఆనాడు సాధనములు లేవు. అణువుల అమరికయే తెలియని కాలమది. ఫారడే ఊహ సుమారు తొంబది సంవత్సరములు మరుగున పడియుండెను.

పైవరుస అణువుల స్థితి

మంచులో నీటి అణువులెట్లున్నవో ఇప్పుడు మనకు తెలియును. ప్రతి అణువునకును చుట్టు నాలుగు పొరుగు అణువులున్నవి. నాలిగింటితోను అది ఉదజని బంధములచే ముడిపడి యుండును. ఈ అమరికలో ఆరేసి అణువులు వలయములుగా ఏర్పడును. హిమస్ఫటికము ఆరు మూలలతో నుండుటకు మూలకారణమిదియే.

కాని ఉపరితలమున ఉన్న అణువు సంగతి వేరు. దాని పైన పట్టుకొనుటకు ఎవరును లేరు. నాలుగు బంధములకు బదులు దానికి మూడు, కొన్నిచోట్ల రెండే యుండును. పాఠశాలలో ప్రార్థనకు నిలుచున్న పిల్లలను జ్ఞాపకము తెచ్చుకొనుడు. ముందు, వెనుక, ఇరుప్రక్కల స్నేహితుల భుజములపై చేతులు వేసి నిలుచున్నవారు కదలలేరు. అంచు వరుసలోనివారు మాత్రము ఊగుచు, తిరుగుచు నుందురు. అంచు పిల్లలకు ఉన్నపాటి స్వేచ్ఛయే పైవరుస అణువులకును ఉన్నది. ఉష్ణోగ్రత పెరిగినకొలది లోపలి అణువులకన్న ముందుగా ఇవియే చెదరును. చెదరిన వరుస తన క్రింది వరుసపై పట్టు సడలించును. ఆ వరుస తన క్రిందిదానిపై సడలించును. ఇట్లు 0 డిగ్రీలకు సమీపించినకొలది పొర దళమగుచుండును. దీనినే ఉపరితల ద్రవీభవనమందురు.

ఇది మంచుకు మాత్రమే గల విశేషము కాదు. 1985లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు ఫ్రెంకెన్, వాన్ డెర్ వీన్ అనువారు సీసపు స్ఫటికమును వేడిచేయుచు పరిశీలించి, అది 327 డిగ్రీల వద్ద కరగుటకు ముందే దాని ఉపరితల పరమాణువులు చెదరి ద్రవమగుటను చూపిరి. ఘనపదార్థములు సాధారణముగా వెలుపలినుండి లోనికి కరగునన్నమాట. ద్రవమును జాగ్రత్తగా చల్లార్చి ఘనీభవన స్థానమునకు దిగువను ద్రవముగనే ఉంచుట సులభము. ఘనపదార్థమును ద్రవీభవన స్థానమునకు ఎగువను కరగకుండ ఉంచుట మాత్రము చాల కష్టము. ఈ భేదమునకు ముఖ్యకారణము, ద్రవీభవనమునకు నాంది పలుకు పొర ఉపరితలమున ముందే సిద్ధముగా నుండుటయే.

ఈ పొర దళమెంత? మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో ఒక భాగమును నానోమీటరందురు. −10 డిగ్రీల ప్రాంతమున చెదరినది ఒకటి రెండు అణువుల వరుసలు, అనగా నానోమీటరునకు కొంచెము అటు నిటు. 0 డిగ్రీలకు చేరువైనప్పుడు అది పలురెట్లు దళమగును. ఎక్స్-కిరణములతోను, కాంతి పరావర్తనముతోను, ఇతర సాధనములతోను చేసిన కొలతలు ఒకే అంకెను ఇయ్యవు. ఒక్కొక్క పద్ధతి పొరలోని ఒక్కొక్క లక్షణమును పట్టుకొనుటయే ఇందులకు కారణము. అందరును అంగీకరించిన విషయమేమన, పొర ఉన్నది. అది మామూలు నీరు కాదు. క్రింది మంచు దానిని కొంతవరకు క్రమములో ఉంచుటచే అది నీటికన్న చిక్కగా, మంచుకన్న చలనశీలముగా నుండును. ద్రవప్రాయమైన పొర యనుట సమంజసము. 2012లో జపానులోని హొక్కైడో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో 0 డిగ్రీలకు కొంచెము దిగువనున్న మంచుపై ఈ పొర బిందువులుగాను, పలుచని పరపుగాను ఏర్పడుటను చూడగలిగిరి. ఫారడే ఊహించినదానిని కంటితో చూచుటకు 162 సంవత్సరములు పట్టినది.

కాలు జారుటకు కారణము

మరల స్కేటింగునకు వత్తము. 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండు పర్వతములపై యుంగ్‌ఫ్రౌ పరిశోధనాలయమున ప్రయోగములు చేసి, జారునప్పుడు ఘర్షణచే పుట్టు వేడి మంచును కరగించుననిరి. ఉష్ణమును చక్కగా ప్రసరింపజేయు ఇత్తడికన్న అట్లు ప్రసరింపజేయని ఎబొనైటు మంచుపై తేలికగా జారినది. ఇత్తడి ఆ వేడిని లాగివేయుటయే కారణము. పీడనమే కారణమైనచో రెండును ఒకే విధముగా జారవలెను గదా!

అయితే ఘర్షణ కదలికతోనే పుట్టును. మంచుపై ఊరక నిలుచున్నవాని కాలు మొదట కదలుటకు కారణము ద్రవప్రాయమైన పైపొరయే. 2018లో హాలెండు, జర్మనీ శాస్త్రజ్ఞులు మంచుపై ఉక్కు గోళమును జరపుచు −100 డిగ్రీలనుండి 0 వరకు ఘర్షణను కొలిచిరి. −100 వద్ద మంచు ఇతర ఘనపదార్థములవలె గరుకుగా నుండెను. ఉష్ణోగ్రత పెరిగినకొలది మూడు బంధములతో పట్టుకొన్న పైఅణువులు తగ్గి, రెండు బంధములు మాత్రమే గలవి హెచ్చుచు వచ్చినవి. వదులుగానున్న ఈ అణువులు నేలపై చల్లిన గోలీలవలె పొర్లుటకు వీలు కలిగి, ఘర్షణ తగ్గిపోయినది. −7 డిగ్రీల వద్ద ఘర్షణ అత్యల్పము. అంతకు పైన మంచు మెత్తబడి గోళము అందులో దిగబడుటచే ఘర్షణ మరల పెరిగినది. స్కేటింగు పందెముల కొరకు మంచును రమారమి −7 డిగ్రీల వద్ద నుంచుట అనుభవముచే ఏర్పడిన అలవాటు. దానికి కారణము ఇట్లు దొరకినది.

హిమస్ఫటికము పెరుగు విధము

కరగుటలో పైపొరకు గల ప్రాధాన్యము చూచితిమి. పెరుగుటలోను దానిదే పెత్తనము. ఏలయన ఏ స్ఫటికమైనను పెరుగునది ఉపరితలముననే.

హిమస్ఫటికములకు ఎప్పుడును ఆరు మూలలేల యని 1611లో కెప్లరు ఒక చిన్న పుస్తకమునే వ్రాసెను. ఆరు మూలల సంగతి అణువుల అమరికతో తేలినది. కాని కొన్ని స్ఫటికములు పలుచని పలకలుగాను, కొన్ని పెన్సిలు ముక్కలవలె స్తంభములుగాను, కొన్ని సూదులుగాను, కొన్ని కొమ్మలు, రెమ్మలు గల నక్షత్రములుగాను ఉండుటేల?

మేఘములో 0 డిగ్రీలకు దిగువను నీటిబిందువులు గడ్డకట్టక నిలిచియుండవచ్చును. వానిని అతిశీతల బిందువులందురు. అదే ఉష్ణోగ్రతలో మంచు చుట్టు నుండవలసిన ఆవిరికన్న నీటి చుట్టు నుండవలసిన ఆవిరి అధికము. −15 డిగ్రీల వద్ద ఈ తేడా సుమారు 15 శాతము. కావున బిందువుల నడుమ ఒక మంచు స్ఫటికము పుట్టినచో, గాలిలోని ఆవిరి దానికి మితిమీరిన భోజనమే. అది ఆవిరిని గ్రహించి పెరుగుచుండును. బిందువులు ఆవిరియై తరగుచుండును.

వచ్చిన ఆవిరి అణువు ఎక్కడ అంటుకొనును? గోడ కట్టుట చూచినవారికి ఇది తేలికగా బోధపడును. సగము వరకు వచ్చిన వరుస ప్రక్కన ఇటుక చక్కగా కుదురును. నున్నని చదునుపై ఒంటరి ఇటుకకు ఆసరా లేదు. నున్నని ముఖముపై పడిన అణువు కొంతసేపు తిరుగాడి, మెట్టు అంచు దొరకినచో నిలుచును, లేనిచో మరల ఎగిరిపోవును. అందుచే గరుకైన ముఖములు వేగముగా పెరిగి, పెరిగి, చివరకు మాయమగును. మెల్లగా పెరుగు నున్నని ముఖములే మిగులును. హిమస్ఫటికమునకు పైన, క్రింద రెండు ముఖములు, ప్రక్కల ఆరు ముఖములు మిగిలి షడ్భుజాకారపు పట్టకమగును. ప్రక్క ముఖములు వేగముగా పెరిగినచో అది పలక యగును. పై, క్రింది ముఖములు వేగముగా పెరిగినచో స్తంభమగును.

ఆవిరి సమృద్ధిగా నున్నప్పుడు వేరొక సంగతి జరుగును. షడ్భుజి మూలలు ఆవిరిలోనికి కొంచెము చొచ్చుకొని యుండును గనుక వానికి ఎక్కువ ఆవిరి అందును. అందుచే అవి ఇంకను చొచ్చుకొని పోవును. ఉన్నవానికే ఇంకను చేరునన్నట్లు మూలలు కొమ్మలగును, కొమ్మలకు రెమ్మలు పుట్టును.

ఇదంతయు ప్రయోగశాలలో చూపినవాడు జపాను శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకాయా. హొక్కైడోలో పరిశోధనకు ఖరీదైన పరికరములు లేకపోయినను మంచునకు కొదువ లేదు. ఆయన వేలకొలది స్ఫటికములను ఛాయాచిత్రములు తీసి, పిదప వానిని తానే తయారుచేయ బూనెను. స్ఫటికమును గాలిలో నిలుపుటెట్లు? దారములపై పెంచినచో మంచు గుత్తులుగా పట్టెను. తుదకు కుందేటి వెంట్రుకపై నున్న చిన్న బొడిపెలు అనుకూలించినవి. 1936 మార్చి 12వ తేదీన మొదటి కృత్రిమ హిమస్ఫటికము తయారైనది.

నకాయా ఉష్ణోగ్రతను, ఆవిరిని మార్చుచు చేసిన ప్రయోగముల ఫలితము మిక్కిలి వింతయైనది. 0 నుండి −4 వరకు పలకలు. −5 ప్రాంతమున సూదులు, −10 వరకు స్తంభములు. −10నుండి −22 వరకు మరల పలకలు, అందు −15 దగ్గర అందమైన నక్షత్రములు. ఇంకను దిగువను పలకలు, స్తంభములు కలసి యుండును. నాలుగైదు డిగ్రీల తేడాతో పలక సూదిగా, సూది మరల పలకగా మారుటయేమి? అణువు అదే, అమరిక అదే. మారినది ఉపరితలము.

1982లో కురోడా, లాక్మన్ అనువారు దీనికి ద్రవప్రాయమైన పొరతో కారణము చెప్పిరి. రెండు రకముల ముఖములపైనను ఈ పొర ఒకే ఉష్ణోగ్రత వద్ద మొదలు కాదు. పొర లేని నున్నని ముఖము ఒక తీరున, అరకొరగా చెదరిన ముఖము వేరొక తీరున, దళసరి పొర గల ముఖము ఇంకొక తీరున ఆవిరిని గ్రహించును. ఉష్ణోగ్రత మారినకొలది ఒకసారి ప్రక్కముఖములకు, ఒకసారి పైముఖములకు పైచేయి యగును. ఈ వివరణలోని వివరములు ఇంకను శాస్త్రజ్ఞుల చర్చలో నున్నవి. కాని సమాధానము ఉపరితలములోనే యున్నదనుట నేడు స్పష్టము.

నేలలోను, మేఘములోను

శీతలదేశములలో చలికాలమున నేల ఉబ్బి రోడ్లు పగులును. గడ్డకట్టిన నీరు వ్యాకోచించుటయే కారణమని తోచును. అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ టేబర్ 1929, 1930 ప్రాంతమున నీటికి బదులు బెంజీనుతో తడిపిన మట్టిని గడ్డకట్టించెను. బెంజీను గడ్డకట్టినప్పుడు సంకోచించును. అయినను మట్టి ఉబ్బెను! నిజమైన కారణమేమన, మంచునకు మట్టిరేణువులకు నడుమ గడ్డకట్టని పొర యేదియు లేదనుకొనుట తప్పు. అచటను సన్నని ద్రవపు పొర నిలిచి యుండును. దాని వెంట క్రిందినుండి నీరు చల్లని భాగమునకు ప్రాకివచ్చి గడ్డకట్టుచు, మంచు పలకలను పెంచి, నేలను పైకెత్తును.

మంచు కురియని మన ప్రాంతములకును ఇందులో సంబంధము లేకపోలేదు. మన తలలపై సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు దిగును. వేసవి సాయంకాలములందు ఉరుములతో వచ్చు మేఘములు అంతకు రెండింతల ఎత్తునకు పెరుగును. ఆ మేఘములనుండి పడు పెద్ద చినుకులలో పెక్కు, పైన మంచుగా పెరిగి దారిలో కరగినవే; కరగక మిగిలినవి వడగండ్లు. అచటనే మంచు స్ఫటికములు, మెత్తని మంచు ఉండలు ఒకదానినొకటి తాకి విడివడునప్పుడు విద్యుదావేశము ఒకదానినుండి మరియొకదానికి మారును. మెరుపునకు మూలమిదియే. తాకునవి ఉపరితలములే గనుక ఈ ఆవేశ మార్పిడిలో పైపొర పాత్రను శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరిశీలించుచున్నారు.

తరగతిలో

మంచుగడ్డపై తీగ వేసి, రెండు చివరల బరువులు వ్రేలాడగట్టి, తీగ గడ్డలోనుండి దిగిపోయినను గడ్డ రెండు ముక్కలు కాకుండుటను ఉపాధ్యాయులు చూపుదురు. ఇది మంచి ప్రయోగమే. ఈసారి ఒకే లావుగల రాగితీగను, నైలాను దారమును ప్రక్కప్రక్కన వేసి, సమానమైన బరువులు కట్టి చూపుడు. పీడనము రెండింటి క్రిందను సమానమే. కాని రాగితీగ ముందుగా దిగును. రాగి గదిలోని వేడిని లోనికి తెచ్చును, నైలాను తేలేదు. పీడనము కరగుటకు వీలు కల్పించును గాని, కరగుటకు కావలసిన గుప్తోష్ణమును ఎవరైనను తెచ్చి ఇయ్యవలెను గదా! ఈ ఒక్క భేదముతో విద్యార్థులకు ద్రవీభవన స్థానమునకు, గుప్తోష్ణమునకు గల తేడా జ్ఞాపకముండిపోవును.

రెండవది, పళ్లెములో నీరు, మంచుముక్కలు పోసి అరగంట యుంచుడు. ముక్కలన్నియు 0 డిగ్రీలకు వచ్చిన పిమ్మట రెండింటిని నీటిలోనే మెల్లగా తాకించి, కొంతసేపు కదలక యుంచి, ఒకదానిని లాగుడు. రెండవది వెంట వచ్చును. ఫారడే చూపినది ఇదియే.

పిదప, స్కేటింగు చేయువాని బరువును, పట్టీ వైశాల్యమును నల్లబల్లపై వ్రాసి, ద్రవీభవన స్థానము ఎంత తగ్గునో విద్యార్థులచేతనే లెక్క కట్టించుడు. ఎనిమిదవ తరగతి గుణకారము, భాగహారము చాలును. పుస్తకములోని వాక్యము సరియైనదో కాదో వారే చెప్పుదురు.